రక్షణ రంగ స్టార్టప్‌కు ప్రభుత్వ నిధులు: సమస్య ఎంపిక నుంచి సైన్యం ఆర్డరు దాకా

డ్రోన్‌ను దూరం నుంచే పసిగట్టే రాడార్, నీటి అడుగున తనంతట తాను తిరిగే చిన్న వాహనం, శత్రువు జామ్ చేయలేని రేడియో... ఇలాంటిదేదో తయారుచేయగల బృందం మీ దగ్గర ఉందనుకుందాం. ల్యాబ్‌లో బల్ల మీద అది పనిచేస్తోంది కూడా. దాన్ని సైనికుడి చేతికిచ్చే వస్తువుగా మార్చాలంటే కోట్లు కావాలి. ప్రైవేటు పెట్టుబడిదారుల్లో చాలామంది ఈ రంగం పేరెత్తగానే వెనకాడతారు. కొనేది ప్రధానంగా ప్రభుత్వమే, కొనుగోలుకు ఏళ్లు పట్టొచ్చు, ఈలోగా అమ్మకాలుండవు అన్నది వాళ్ల భయం. ఆ మధ్యకాలాన్ని దాటించడానికే కేంద్రం గ్రాంట్లు ఇస్తోంది. 2022-23 బడ్జెట్‌లో రక్షణ పరిశోధన నిధుల్లో 25 శాతాన్ని పరిశ్రమకు, స్టార్టప్‌లకు, విద్యాసంస్థలకు కేటాయిస్తామని ప్రకటించింది.

ఆ డబ్బు ఎలా తెచ్చుకోవాలో వరసగా చెప్తాను. ఒక్క విషయం మాత్రం మొదట్లోనే మనసులో పెట్టుకోండి. గ్రాంటు మిమ్మల్ని ప్రోటోటైప్ (పరీక్షలకు సిద్ధమైన తొలి నమూనా) వరకే తీసుకెళ్తుంది, కంపెనీని నిలబెట్టేది ఆర్డరే. అందుకే ఎంత ఇస్తారని అడిగే ముందు, తయారయ్యాక దీన్ని ఎవరు వాడతారని అడగండి. కింద చెప్పే ప్రతి పనీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఏ పథకం మీకు సరిపోతుంది

స్టార్టప్‌లకు అన్నిటికన్నా దగ్గరి దారి ఐడెక్స్, అంటే ఇన్నోవేషన్స్ ఫర్ డిఫెన్స్ ఎక్సలెన్స్ పథకం. 2018 ఏప్రిల్‌లో చెన్నై దగ్గర జరిగిన రక్షణ ప్రదర్శన డిఫెక్స్‌పోలో ప్రధాని దీన్ని ప్రారంభించారు. నడిపేది డిఫెన్స్ ఇన్నోవేషన్ ఆర్గనైజేషన్, అంటే డీఐఓ. రక్షణ ప్రభుత్వ రంగ సంస్థలు హెచ్‌ఏఎల్, బీఈఎల్ కలిసి పెట్టిన లాభాపేక్ష లేని కంపెనీ అది, రక్షణ ఉత్పత్తుల విభాగం కింద పనిచేస్తుంది.

ఐడెక్స్‌లో మూడు మెట్లున్నాయి. మామూలు స్పార్క్ గ్రాంటు 1.5 కోట్ల రూపాయల వరకు ఇస్తుంది. ఐడెక్స్ ప్రైమ్‌లో 10 కోట్ల దాకా వస్తుంది. 2024 మార్చిలో మొదలైన అదితి పథకం ఉపగ్రహాలు, కృత్రిమ మేధ, క్వాంటమ్ లాంటి కీలక సాంకేతికతల కోసం. అందులో 25 కోట్ల వరకు ఇస్తారు. మూడింటిలోనూ సూత్రం ఒకటే: ప్రాజెక్టు ఖర్చులో సగం గ్రాంటు, మిగతా సగం మీది. 1.5 కోట్ల గ్రాంటు అంటే 3 కోట్ల ప్రాజెక్టు అని అర్థం. ఈ సగం సంగతి చాలామంది ఆలస్యంగా గమనిస్తారు.

రెండోది రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ నడిపే టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్, అంటే టీడీఎఫ్. ఇందులో ఒక్కో ప్రాజెక్టుకు 50 కోట్ల వరకు, మొత్తం ఖర్చులో 90 శాతం దాకా ఇస్తారు. 2022కు ముందు ఈ పరిమితి 10 కోట్లే. సొంత పెట్టుబడి తక్కువగా ఉన్నవాళ్లకు ఆ 90 శాతం ఆకర్షణీయంగా కనిపిస్తుంది. బదులుగా, తయారైన మేధో సంపత్తిని డీఆర్‌డీఓతో కలిసి పంచుకోవాలి. విదేశీ పెట్టుబడి 49 శాతం దాటిన కంపెనీకి ఇక్కడ ప్రవేశం లేదు.

రక్షణ శాఖ మేక్-1 పథకంలో ప్రోటోటైప్ ఖర్చులో 70 శాతం దాకా ప్రభుత్వం భరిస్తుంది గానీ, అది ట్యాంకు, విమానం లాంటి పెద్ద వాహనాలకు, పెద్ద వ్యవస్థలకు. మేక్-2లో ఖర్చంతా పరిశ్రమదే. కొత్త స్టార్టప్ ఈ రెండింటినీ ప్రస్తుతానికి పక్కన పెట్టొచ్చు.

ఆలోచన ఇంకా కాగితం మీదే ఉందా? అయితే వీటిలో దేనికీ ఇప్పుడే వెళ్లకండి. శాస్త్ర సాంకేతిక విభాగం నిధి ప్రయాస్ పథకం ఇంక్యుబేటర్ల (కొత్త స్టార్టప్‌లకు చేయూతనిచ్చే కేంద్రాల) ద్వారా 10 లక్షల వరకు ఇస్తుంది. డీఆర్‌డీఓ డేర్ టు డ్రీమ్ పోటీలో గెలిస్తే నగదు బహుమతి దక్కుతుంది, అంతకన్నా ముఖ్యంగా శాస్త్రవేత్తల కంట్లో పడతారు. బల్ల మీద పనిచేసే నమూనా ఒకటి చేతికి వచ్చాక ఐడెక్స్ తలుపు తట్టండి.

పథకాలకు గడువులుంటాయి. ఉదాహరణకు అదితికి 750 కోట్లు కేటాయించింది 2023-24 నుంచి 2025-26 వరకు. అందుకని దరఖాస్తు మొదలుపెట్టే రోజున ఏ విడత తెరిచి ఉంది, పరిమితులేమైనా మారాయా అన్నది ఐడెక్స్, టీడీఎఫ్ అధికారిక పోర్టళ్లలో స్వయంగా చూసుకోండి. ఎవరో ఫార్వర్డ్ చేసిన మెసేజీని నమ్ముకోవద్దు.

కాగితాలు

కంపెనీని రిజిస్టర్ చేయించండి. స్టార్టప్ ఇండియా పోర్టల్‌లో డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక విభాగం) గుర్తింపు తీసుకోండి. స్టార్టప్ నిర్వచనంలోకి రాకపోతే ఎంఎస్‌ఎంఈగా, అంటే చిన్న, మధ్యతరహా సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకుని కూడా ఐడెక్స్‌కు రావొచ్చు. వ్యక్తిగత ఆవిష్కర్తలకూ, విద్యాసంస్థలకూ అవకాశం ఉంది. డీపీఐఐటీ గుర్తింపుకూ, ఉద్యమ్‌కూ ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా తీసుకోదు. వేలకు వేలు అడిగే మధ్యవర్తులను దూరం పెట్టండి.

వాటాదారుల పట్టిక శుభ్రంగా ఉండాలి. ఎవరి చేతిలో ఎంత వాటా, విదేశీ డబ్బు ఎక్కడి నుంచి ఏ రూపంలో వచ్చింది అన్నది ఒక్క పేజీలో చూపించగలగాలి. రక్షణ రంగంలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

వాడేవాళ్లను వెతకండి

నా దృష్టిలో మొత్తం ప్రయాణంలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. చాలామంది తక్కువ సమయం పెట్టేదీ ఇక్కడే.

ఐడెక్స్‌లో ప్రధానంగా రెండు దారులు. ఒకటి డిఫెన్స్ ఇండియా స్టార్టప్ ఛాలెంజ్, అందరూ డిస్క్ అంటారు. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, తీర రక్షక దళం, రక్షణ ప్రభుత్వ రంగ సంస్థలు తమ సమస్యలను రాసి ఇస్తాయి, మీరు పరిష్కారంతో వస్తారు. రెండోది ఓపెన్ ఛాలెంజ్. ఇందులో సమస్యను కూడా మీరే ప్రతిపాదిస్తారు.

నేనైతే మొదటిసారి వచ్చేవాళ్లకు డిస్క్‌నే సూచిస్తాను. అక్కడ సమస్య రాసిన విభాగం ఒకటి ముందే ఉంటుంది. అంటే ఆ వస్తువు కావాలని ఎవరో ఒక అధికారి పై అధికారులను ఒప్పించాడన్నమాట. ఓపెన్ ఛాలెంజ్‌లో ఆ ఒప్పించే పని మీ నెత్తిన పడుతుంది. మీ సాంకేతికత నిజంగా కొత్తదై, అలాంటిది అడగాలని సైన్యానికి ఇంకా తట్టనప్పుడు ఓపెన్ ఛాలెంజే సరైన దారి.

సమస్య వివరణను ఊరికే చదివి వదిలేయకండి. 'పోర్టబుల్' అని రాసి ఉంటే ఎన్ని కిలోలు? ఒక్క జవాను మోయాలా, వాహనంలో వెళ్తుందా? లడఖ్‌లో మైనస్ ఉష్ణోగ్రతలో వాడాలా, జైసల్మేర్ ఎండలోనా, విక్రాంత్ డెక్ మీద ఉప్పుగాలిలోనా? బ్యాటరీ మార్చడానికి చేతి తొడుగులు తీయాల్సి వస్తే ఆ డిజైన్ ఎత్తైన ప్రాంతంలో పనికిరాదు. ఇలాంటివి కాగితంలో ఉండవు, మనుషులను అడిగితేనే తెలుస్తాయి.

ఎవరిని అడగాలి? ఆర్మీ డిజైన్ బ్యూరో సైన్యం ఎదుర్కొంటున్న సమస్యల సంకలనాలను ప్రచురిస్తుంది, స్టార్టప్‌లతో మాట్లాడటానికే అది ఉంది. నౌకాదళంలో ఈ పని 2020లో ఏర్పడిన నేవల్ ఇన్నోవేషన్ అండ్ ఇండిజినైజేషన్ ఆర్గనైజేషన్ చూస్తుంది. వైమానిక దళం 2018లో డ్రోన్ల గుంపుల మీద మెహర్ బాబా పోటీ పెట్టింది. దిగుమతి చేసుకుంటున్న విడిభాగాల్లో వేటికి దేశీయ ప్రత్యామ్నాయం కావాలో సృజన్ పోర్టల్‌లో జాబితాలుంటాయి. ఆ పోర్టల్‌లో గ్రాంటు ఇవ్వరు, కానీ గిరాకీ కళ్లకు కనిపిస్తుంది.

తెలుగు రాష్ట్రాల వాళ్లకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. హైదరాబాద్‌లో డీఆర్‌డీఓ ల్యాబ్‌లైన డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, ఏఎస్‌ఎల్, డీఎల్‌ఆర్‌ఎల్, డీఎంఆర్‌ఎల్ ఉన్నాయి. క్షిపణులు తయారుచేసే బీడీఎల్, ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని ఉన్నాయి. విశాఖలో తూర్పు నౌకాదళ కమాండ్, నీటి అడుగు ఆయుధాల మీద పనిచేసే ఎన్‌ఎస్‌టీఎల్, హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఉన్నాయి. వీటిలో పనిచేసి రిటైరైన శాస్త్రవేత్తలు, అధికారులు ఈ నగరాల్లోనే చాలామంది స్థిరపడ్డారు. మీ రంగంలో పాతికేళ్లు పనిచేసిన ఒకరిని సలహాదారుగా పెట్టుకోండి. పరిచయాల కోసం కాదు. ఏ ప్రశ్న ఎప్పుడు వస్తుందో వాళ్లకు తెలుసు కాబట్టి.

ఐడెక్స్‌కు భాగస్వామి ఇంక్యుబేటర్లు కూడా ఉన్నాయి, హైదరాబాద్‌లోని టీ-హబ్ వాటిలో ఒకటి. దరఖాస్తుకు ముందే వెళ్లి మాట్లాడండి.

దరఖాస్తు రాయడం

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఫారం నింపడం కష్టమేమీ కాదు, అందులో రాసే విషయమే అసలు పని.

సాంకేతికత గొప్పతనంతో మొదలుపెట్టకండి. ఇప్పుడు ఆ పని సైన్యంలో ఎలా జరుగుతోంది, అందులో ఇబ్బంది ఏమిటి, మీ వస్తువు వస్తే ఏం మారుతుంది అన్నది మొదటి పేరాలోనే రాయండి. తర్వాత ఇప్పటిదాకా మీరు చేసి చూపించింది చెప్పండి. సాంకేతిక సంసిద్ధతను ఒకటి నుంచి తొమ్మిది స్థాయిల్లో కొలుస్తారు, దాన్నే టీఆర్‌ఎల్ అంటారు. మీరు నాలుగులో ఉంటే నాలుగనే రాయండి. ఆరు అని రాస్తే ఆరుకు తగిన పరీక్షా ఫలితాలు చూపమంటారు, అక్కడ నోట మాట రాదు.

సమస్య వివరణలో అడిగిన ప్రతి ప్రమాణానికీ ఒక పట్టిక వేయండి: అడిగిందేమిటి, ఇప్పుడు మీరు ఇవ్వగలిగిందేమిటి, ప్రాజెక్టు చివరికి ఎంత ఇవ్వగలరు, మధ్యలో ఉన్న చిక్కేమిటి. ఒకటి రెండు చోట్ల 'ఇది కష్టం, ఇలా ప్రయత్నిస్తాం' అని రాసిన పట్టికనే సాంకేతిక నిపుణులు నమ్ముతారు. అన్నీ సాధ్యమేనని రాస్తే అనుమానిస్తారు.

ఖర్చు అంచనాలో చాలామంది వదిలేసేవి కొన్ని ఉన్నాయి. పర్యావరణ పరీక్షలు, విద్యుదయస్కాంత పరీక్షలు, ట్రయల్స్ జరిగే చోటికి సరుకు, మనుషుల రవాణా, అక్కడ వారాల తరబడి బస, పాడైతే మార్చడానికి రెండో ప్రోటోటైప్. సైనిక ఎలక్ట్రానిక్ పరికరాలకు జేఎస్‌ఎస్ 55555 పరీక్షా ప్రమాణం అడగడం మామూలే. వేడి, చలి, తేమ, కుదుపు, ధూళి, ఉప్పునీటి పొగమంచు, అన్నీ అందులో వస్తాయి. ఆ సర్టిఫికెట్ల ఖర్చు చిన్నది కాదు. ల్యాబ్‌ల దగ్గర ముందే కొటేషన్లు తీసుకుని అంచనాలో కలపండి.

కమిటీ ముందు

వడపోత దాటాక హై పవర్డ్ సెలక్షన్ కమిటీ ముందు మాట్లాడాలి. కమిటీలో వాడేవాళ్ల తరఫు మనుషులూ, సాంకేతిక నిపుణులూ ఉంటారు. సమయం తక్కువ. స్లైడ్ల కన్నా పనిచేస్తున్న వస్తువు వీడియో మేలు. ఎడిటింగ్ లేకుండా, ఒకే షాట్‌లో తీసినదైతే ఇంకా మేలు.

మీరే తప్పుకుంటే కంపెనీ ఏమవుతుంది, ఈ చిప్ ఎక్కడి నుంచి వస్తోంది, సరఫరా ఆగితే ఏం చేస్తారు, వెయ్యి యూనిట్లు అడిగితే ఎంత కాలంలో ఇస్తారు, ఒక్కోటి ఎంత ధర? ఈ ప్రశ్నలకు జవాబులు ముందే సిద్ధం చేసుకోండి. తెలియనిది తెలియదని, ఎప్పటికల్లా తెలుసుకుని చెప్తారో చెప్పండి.

ఒప్పందం, మైల్‌స్టోన్లు, చేతిలో డబ్బు

ఎంపికైతే చప్పట్లు కొడతారు, ఫొటోలు తీస్తారు. డబ్బు ఆ రోజు రాదు. ప్రాజెక్టు ఖర్చు మీద చర్చ, మైల్‌స్టోన్ల ఖరారు, ఒప్పందం మీద సంతకాలు అయ్యాక విడతలుగా వస్తుంది. మైల్‌స్టోన్ అంటే ఫలానా గడువుకు పూర్తిచేసి చూపాల్సిన పని. ఒక మైల్‌స్టోన్ పూర్తయిందని ధ్రువీకరణ జరిగాకే తర్వాతి విడత.

కాబట్టి మైల్‌స్టోన్లను ఎలా రాసుకుంటారన్నది మీ బతుకుతెరువు. 'వ్యవస్థ సంతృప్తికరంగా పనిచేయుట' లాంటి వాక్యాన్ని ఒప్పుకోవద్దు. సంతృప్తి ఎవరిది? ఎలా కొలుస్తారు? దానికి బదులు 'ఫలానా దూరంలో ఫలానా పరిమాణం ఉన్న డ్రోన్‌ను పది ప్రయత్నాల్లో ఎనిమిదిసార్లు గుర్తించుట' అని రాయించండి. పరీక్ష ఎక్కడ జరుగుతుంది, చోటు ఎవరు ఇస్తారు, ఎవరు చూసి సంతకం పెడతారు అన్నది కూడా అందులోనే ఉండాలి. ఫైరింగ్ రేంజి గానీ, ఓడ గానీ సైన్యం చేతిలో ఉంటుంది. అది దొరకక ఆలస్యమైతే గడువు దానంతటదే పెరిగేలా ఒక షరతు అడగండి.

ఇప్పుడు లెక్క చూద్దాం. 3 కోట్ల ప్రాజెక్టు, 18 నెలలు అనుకోండి. నెలకు సగటున 16 నుంచి 17 లక్షలు ఖర్చవుతుంది. మైల్‌స్టోన్ పూర్తిచేసి కాగితాలు పెట్టాక డబ్బు చేతికి రావడానికి మూడు నెలలు పట్టిందనుకుందాం. ఆ మూడు నెలల జీతాలు, అద్దె, విడిభాగాల ఖర్చే 50 లక్షలు. మీ వాటా 1.5 కోట్లతో పాటు ఈ 50 లక్షలు కూడా చేతిలో ఆడాలి. ఇది లేక మంచి బృందాలు మధ్యలో చెదిరిపోతాయి. వస్తువు పనిచేస్తూనే ఉంటుంది, చేసినవాళ్లే వెళ్లిపోతారు. దేశానికి జరిగే నష్టం అదే, అందుకే ఈ పేరాను రెండుసార్లు చదవమంటాను.

ఒప్పంద పత్రం చేతిలో ఉంటే బ్యాంకుతో, ఏంజెల్ పెట్టుబడిదారుతో (తొలిదశ కంపెనీల్లో సొంత డబ్బు పెట్టే వ్యక్తితో) మాట్లాడటం తేలికవుతుంది. ఎంపికైన వెంటనే ఆ పని మొదలుపెట్టండి, డబ్బు అయిపోవచ్చినప్పుడు కాదు.

ప్రాజెక్టుకు విడి బ్యాంకు ఖాతా తెరవండి. ప్రతి బిల్లు మీద ఏ మైల్‌స్టోన్ ఖర్చో రాసి ఉంచండి. వాడిన గ్రాంటుకు చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరించిన వినియోగ పత్రం ఇవ్వాల్సి ఉంటుంది. మొదటి నెల నుంచీ లెక్కలు సరిగ్గా ఉంటే అది ఒక పూట పని. లేకపోతే తల ప్రాణం తోకకు వస్తుంది.

మేధో సంపత్తి క్లాజును న్యాయవాది పక్కన కూర్చుని వాక్యం వాక్యం చదవండి. ఒప్పందానికి ముందే మీ దగ్గరున్న సాంకేతికతను జాబితాగా రాసి అనుబంధంగా జతచేయండి, వీలైన వాటికి పేటెంటు దరఖాస్తు ముందే వేయండి. ఏది పాతది, ఏది గ్రాంటుతో పుట్టింది అన్న గీత స్పష్టంగా ఉండాలి.

తయారీలో, పరీక్షల్లో

మీ ప్రాజెక్టును చూసుకునే సైన్యం తరఫు నోడల్ అధికారితో నెలకోసారైనా మాట్లాడండి. పని బాగా జరగనప్పుడు తప్పనిసరిగా మాట్లాడండి. సాయుధ దళాల్లో బదిలీలు మామూలే. కొత్తగా వచ్చిన అధికారికి మీ ప్రాజెక్టు సంగతి తెలియదు. ప్రతి సమావేశం తర్వాత నిర్ణయాలను ఈమెయిల్‌లో రాసి పంపితే, మనిషి మారినా మాట మిగులుతుంది.

విడిభాగాలు ఎక్కడివన్నది ఇప్పుడు చాలా పెద్ద విషయం. 2025 ఫిబ్రవరిలో చైనా భాగాలున్నాయన్న కారణంతో సైన్యం కోసం ఉద్దేశించిన 400 డ్రోన్ల ఒప్పందాలు రద్దయ్యాయి. మోటారు, ఫ్లైట్ కంట్రోలర్, కెమెరా, రేడియో మాడ్యూల్, బ్యాటరీ సెల్, ప్రతిదానికీ తయారైన దేశం, సరఫరాదారు పేరు, ప్రత్యామ్నాయం రాసిన పట్టిక మొదటి రోజే పెట్టుకోండి. ప్రోటోటైప్ త్వరగా చేద్దామని దొరికిన మాడ్యూల్ పెట్టి, తర్వాత మారుద్దాం అనుకుంటే సాఫ్ట్‌వేర్ నుంచి పరీక్షల దాకా అన్నీ మళ్లీ చేయాలి.

అనుమతుల విషయంలో: రేడియో తరంగాలు వాడే పరికరమైతే టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం నుంచి ప్రయోగాత్మక లైసెన్సు తీసుకోవాలి. డ్రోన్లకు 2021 డ్రోన్ నిబంధనల్లో పరిశోధన సంస్థలకు కొన్ని మినహాయింపులున్నాయి, అవి మీకు వర్తిస్తాయో లేదో ఎగరేయకముందే చూసుకోండి. విమానంలోకి ఎక్కే పరికరమైతే సైనిక విమానాల పరికరాలను ధ్రువీకరించే, బెంగళూరులోని సెమిలాక్‌తో మొదటి డిజైన్ దశలోనే మాట్లాడాలి. ఆ ధ్రువీకరణను చివర్లో అతికించడం కుదరదు.

ప్రోటోటైప్ అయ్యాక

ట్రయల్స్‌లో నెగ్గితే, రక్షణ కొనుగోళ్ల విధానం 2020 కింద ఐడెక్స్ ఉత్పత్తిని బై ఇండియన్-ఐడీడీఎం (దేశంలోనే డిజైన్ చేసి, అభివృద్ధి చేసి, తయారుచేసినవి) వర్గంలో కొనే వీలుంది. డిజైన్ మనదై, ధరలో దేశీయ వాటా కనీసం 50 శాతం ఉండాలి. ఐడెక్స్‌లో ఇలా కొనుగోలు దాకా వెళ్లినవి ఉన్నాయి. బెంగళూరు సంస్థ క్యూను ల్యాబ్స్ 150 కిలోమీటర్లకు పైగా దూరానికి క్వాంటమ్ పద్ధతిలో సంకేత తాళాలు (సందేశాలను రహస్యంగా ఉంచే కోడ్‌లు) పంపే వ్యవస్థను తయారుచేస్తే, 2022లో సైన్యం దాని కొనుగోలు ప్రక్రియ మొదలుపెట్టింది.

అయితే ప్రోటోటైప్‌కూ ఆర్డరుకూ మధ్య గ్రాంటు ఉండదు. ఆ కాలానికి ఏం చేయాలో ట్రయల్స్ జరుగుతుండగానే తేల్చుకోండి. అదే సాంకేతికతకు విమానాశ్రయాలు, రేవులు, రిఫైనరీలు, పోలీసు విభాగాలు కొనుగోలుదారులు కావొచ్చు. ప్రభుత్వ టెండర్లలో గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు బిడ్ సెక్యూరిటీ (టెండరు వేసేటప్పుడు కట్టే డిపాజిట్టు) మినహాయింపు ఉంది. నాణ్యత నిరూపిస్తే పాత అనుభవం, టర్నోవర్ షరతులను సడలించే వీలు కూడా నిబంధనల్లోనే ఉంది. టెండరులో ఆ సడలింపు రాయకపోతే, ప్రీ-బిడ్ సమావేశంలో రాతపూర్వకంగా అడగండి.

విదేశాల నుంచి ఆర్డరు వస్తే వస్తువు స్కోమెట్ (ఎగుమతికి ప్రభుత్వ అనుమతి కావాల్సిన వస్తువుల) జాబితాలో ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే అనుమతి లేకుండా నమూనా గానీ, డ్రాయింగు గానీ ఈమెయిల్‌లో కూడా పంపకూడదు. అందులో సైనిక వస్తువులు ఆరో వర్గంలోకి వస్తాయి, వాటి ఎగుమతి అనుమతి రక్షణ ఉత్పత్తుల విభాగం ఇస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. విదేశీ కొనుగోలుదారు నుంచి తుది వినియోగదారు ధ్రువపత్రం తెప్పించడానికే సమయం పడుతుంది గనుక, ధర మాట్లాడే రోజే అది కూడా అడగండి.